మానని పుండులో లీష్మానియా: సీడీ1ఏ మార్కర్‌తో నిర్ధారణ, బయాప్సీ నుంచి రిపోర్ట్ దాకా

ఆ మధ్య రెండో అభిప్రాయం కోసం నా దగ్గరికి ఒక పారఫిన్ బ్లాక్ (మైనంలో బిగించిన బయాప్సీ ముక్క) వచ్చింది. సౌదీలో ఖర్జూర తోటల్లో పనిచేసి తిరిగొచ్చిన మనిషిది. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత పుండు, ఎనిమిది నెలలుగా మానడం లేదు. ఇక్కడికి వచ్చాక చర్మ క్షయ అనుకుని నాలుగు నెలలు టీబీ మందులు మింగించారు. పాత రిపోర్టులో ఉన్నది ఒకటే వాక్యం: "గ్రాన్యులోమాలు కనిపిస్తున్నాయి, క్షయ అయి ఉండవచ్చు." గ్రాన్యులోమా అంటే రక్షణ కణాల ముద్ద. రిక్విజిషన్ ఫారంలో సౌదీ ఊసే లేదు. మామూలు రంగు వేసిన స్లైడ్‌లో గంటసేపు వెతికితే అనుమానించదగ్గ చుక్కలు మూడో నాలుగో దొరికాయి. అవి పరాన్నజీవులా, చచ్చిన కణాల తుక్కా అని తేల్చుకోలేకపోయాను. సీడీ1ఏ అనే ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ రంగు వేశాక అదే చోట గోధుమ రంగు చుక్కలు గుంపులుగా బయటపడ్డాయి.

ఆ నాలుగు నెలల మందుల సంగతి ఇప్పటికీ బాధగానే ఉంది. అందుకే పాథాలజీ పీజీలకు, హిస్టో ల్యాబ్ టెక్నీషియన్లకు, బయాప్సీ తీసే చర్మ వైద్యులకు పనికొచ్చేలా ఈ పద్ధతంతా వరుసగా రాస్తున్నాను.

ముందు జబ్బు గురించి కొంచెం

లీష్మానియా ఏకకణ పరాన్నజీవి. ఇసుక ఈగ కుట్టినప్పుడు చర్మంలోకి దిగుతుంది. మాక్రోఫేజ్ అనే రక్షణ కణం దాన్ని మింగుతుంది కానీ చంపలేకపోతుంది. పరాన్నజీవి గుండ్రంగా మారి ఆ కణంలోనే పెరుగుతుంది. ఆ గుండ్రటి రూపం పేరు అమాస్టిగోట్. సైజు 2 నుంచి 4 మైక్రాన్లు, అంటే ఎర్ర రక్తకణంలో సగం. లోపల ఒక కేంద్రకం, దాని పక్కన కైనెటోప్లాస్ట్ అనే చిన్న కడ్డీ లాంటిది ఉంటాయి. నిర్ధారణకు ఆయువుపట్టు ఆ కడ్డీయే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం చర్మ లీష్మానియా ఏటా 6 లక్షల నుంచి 10 లక్షల మందికి కొత్తగా వస్తోంది. మన దేశంలో బికనేర్ చుట్టుపక్కల, హిమాచల్‌లో సట్లెజ్ లోయలో, కేరళలో పశ్చిమ కనుమల అడవి పల్లెల్లో కనిపిస్తుంది. తెలుగు జిల్లాల్లో అరుదు. అరుదు కాబట్టే మనకు తట్టదు. కానీ కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లొచ్చేవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. సౌదీలో అల్ అహ్సా లాంటి ఖర్జూర తోటల ప్రాంతాలు ఈ జబ్బుకు పాత నెలవులు. ఎడారిలో ఒంటెల దగ్గర, గొర్రెల దగ్గర ఆరుబయట పడుకునేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

ఈ పరాన్నజీవి కథలో మనకు దగ్గరి ముక్క కూడా ఒకటుంది. 1903లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో చార్లెస్ డొనోవన్ రోగి ప్లీహం నుంచి తీసిన నమూనాలో ఈ చుక్కలను చూశాడు. అదే ఏడాది విలియం లీష్మన్ కూడా వీటి గురించి రాశాడు. ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డొనోవని అన్న పేరు పెట్టింది రోనాల్డ్ రాస్.

సీడీ1ఏ ఇక్కడికెలా వచ్చింది

సీడీ1ఏ అసలు పరాన్నజీవి ప్రొటీన్ కాదు. మన చర్మం పై పొరలో చేతులు చాచుకుని కూర్చునే లాంగర్‌హాన్స్ కణాల మీద ఉండే గుర్తు. ఆ కణాల గడ్డలను పట్టుకోవడానికి ల్యాబుల్లో ఎప్పటి నుంచో వాడుతున్నారు. తర్వాత ఈ రంగు అమాస్టిగోట్లకు కూడా అంటుకుంటోందని కొందరు వైద్యులు ప్రచురించారు. ఆపైన వేరేవాళ్లూ చూశారు. తేలిన ముఖ్య విషయం ఏమిటంటే, ఇది అన్ని సీడీ1ఏ యాంటీబాడీలతోనూ జరగదు. ఎంటీబీ1 అనే క్లోన్‌తో (యాంటీబాడీ రకంతో) బాగా పడుతుంది. ఎక్కువ ల్యాబుల్లో ఉండే ఓ10 క్లోన్‌ను ఈ పనికి నమ్మలేం.

కాబట్టి మొదలుపెట్టే ముందే ఫ్రిజ్ తెరిచి సీసా మీద లేబుల్ చదవండి. "మా దగ్గర సీడీ1ఏ ఉంది" అంటే చాలదు, ఏ క్లోనో తెలియాలి. ఓ10 వేసి నెగటివ్ వచ్చిందని లీష్మానియా లేదని రాయడం పెద్ద పొరపాటు.

అడుగు 1: రోగిని అడగండి, ఆ మాట ఫారంలో రాయండి

గత రెండేళ్లలో ఏ ఊళ్లకు, ఏ దేశాలకు వెళ్లారు? అక్కడ ఎక్కడ పడుకునేవారు? తోటి పనివాళ్లకు ఇలాంటి పుండ్లు వచ్చాయా? కుట్టిన కొన్ని వారాలకో, నెలలకో పుండు మొదలవుతుంది కాబట్టి ఇంటికొచ్చాక బయటపడినా ఆశ్చర్యం లేదు. పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, అంచు ఎత్తుగా గట్టిగా ఉంటుంది, బట్ట కప్పని చోట వస్తుంది. ఫారంలో "సౌదీ నుంచి వచ్చారు, 8 నెలల పుండు" అని రాస్తే చాలు, స్లైడ్ చూసేవాళ్ల కళ్లు వేరేగా వెతుకుతాయి.

అడుగు 2: ముక్క అంచు నుంచి తీయండి

పుండు మధ్యలో ఉండేది చచ్చిన కండ, చీము. అక్కడి నుంచి తీస్తే అందరి టైమూ వృథా. పైన కట్టిన పక్కు తీసి, శుభ్రం చేసి, ఎత్తుగా ఉన్న అంచు నుంచి 4 మిల్లీమీటర్ల పంచ్ తీయండి. వీలైతే రెండు తీయండి.

ఒక ముక్కను ఫార్మలిన్‌లో వేసే ముందు నెత్తురును గాజ్ గుడ్డకు అద్ది, కోసిన వైపును శుభ్రమైన స్లైడ్ మీద మెల్లగా నాలుగైదు చోట్ల తాకించండి. రుద్దకూడదు, రుద్దితే కణాలు చితికిపోతాయి. గాలికి ఆరనిచ్చి, మిథనాల్‌లో ఫిక్స్ చేసి గీమ్సా రంగు వేయండి. ఇంత చవకగా, ఇంత త్వరగా జవాబిచ్చే పరీక్ష ఇంకొకటి లేదు. కైనెటోప్లాస్ట్ కూడా కోసిన కణజాలంలో కంటే ఈ అచ్చులోనే స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో ముక్కను పీసీఆర్ (డీఎన్‌ఏ పరీక్ష) కోసం ఆల్కహాల్‌లో పెట్టి దాచండి. ఫార్మలిన్‌లో పడ్డాక డీఎన్‌ఏ తునకలవుతుంది, తర్వాత పీసీఆర్‌లో దొరికే అవకాశం తగ్గుతుంది.

అడుగు 3: బ్లాక్, కోతలు

10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు ఉంచండి, రోజుల తరబడి వదిలేయకండి. మైనంలో ఎంబెడ్ చేసేటప్పుడు చర్మం నిలువుగా, పై పొర నుంచి కొవ్వు దాకా కనిపించేలా పెట్టాలి. పై పొర కోతలోకి రాకపోతే సీడీ1ఏ చదవడం చాలా కష్టమవుతుంది. కారణం అడుగు 6లో చెప్తాను.

కోత 3 నుంచి 4 మైక్రాన్లు. ఇంతకంటే మందంగా ఉంటే చుక్కలు ఒకదానిమీద ఒకటి పడి మసకగా కనిపిస్తాయి. టెక్నీషియన్లకు ఒక మనవి: అనుమానం ఉన్న కేసులో మొదటి రోజే ఎనిమిది పది కోతలు చార్జ్‌డ్ స్లైడ్‌ల మీద ఎక్కించి రంగు వేయకుండా దాచండి. ప్రతి కొత్త స్టెయిన్‌కీ బ్లాక్‌ను మళ్లీ మైక్రోటోమ్‌కి ఎక్కించి ట్రిమ్ చేస్తే, 4 మిల్లీమీటర్ల ముక్కలో ఉన్న కాస్తా చెత్తబుట్టలోకి పోతుంది.

అడుగు 4: మామూలు రంగులోనే ముందు వెతకండి

హెచ్ అండ్ ఈ (అదే ఆ మామూలు రంగు) స్లైడ్‌ను చిన్న లెన్స్‌తో మొదలుపెట్టండి. డెర్మిస్ (పై పొర కిందున్న చర్మం) నిండా మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు, వాటి మధ్య ప్లాస్మా కణాలు ఉంటాయి. మానని పుండులో ప్లాస్మా కణాలు మెండుగా కనిపిస్తే నేను వెంటనే ఆయిల్ లెన్స్ దించుతాను. వెతకాల్సిన చోటు పై పొరకు సరిగ్గా కిందున్న డెర్మిస్.

అక్కడ ఒక మాక్రోఫేజ్‌ను పట్టుకుని చూడండి. లోపల తెల్లటి ఖాళీ గది, ఆ గది అంచు వెంబడి పెళ్లిపందిరికి కట్టిన సీరియల్ బల్బుల్లా వరుసగా చిన్న చుక్కలు. మధ్యలో ఏమీ ఉండదు, చుక్కలన్నీ గోడకు ఆనుకునే ఉంటాయి. ఈ అమరిక కనబడితే దాదాపు దొరికినట్టే. కొత్త పుండులో ఇది తేలిగ్గానే కనబడుతుంది. నెలలు గడిచేకొద్దీ ఒంట్లోని రక్షణ శక్తి పరాన్నజీవులను తగ్గిస్తూ పోతుంది, గ్రాన్యులోమాలు పెరుగుతాయి, చుక్కలు కరువవుతాయి. క్షయ అని పొరబడేది సరిగ్గా ఈ దశలోనే.

గీమ్సా వేసిన కోతలో ఒక జాగ్రత్త. మాస్ట్ కణాల రేణువులు ఊదా రంగులో మెరుస్తాయి, కొత్తవాళ్లు వాటినే పరాన్నజీవులు అనుకుంటారు. మాస్ట్ కణంలో రేణువులు కణమంతా కిక్కిరిసి ఉంటాయి, ఒక్కో రేణువుకూ సొంత కేంద్రకం ఉండదు.

దీంతోపాటే పోలికలున్న వేరే జబ్బులను పక్కకు తీయండి. హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కూడా 2 నుంచి 4 మైక్రాన్లే, అదీ మాక్రోఫేజ్‌లోనే ఉంటుంది. కానీ సిల్వర్ స్టెయిన్‌లో నల్లగా, పీఏఎస్‌లో గులాబీగా పడుతుంది, కైనెటోప్లాస్ట్ ఉండదు. క్షయ, కుష్టు కోసం జీల్ నీల్సన్, ఫైట్ స్టెయిన్లు వేయండి. జననాంగాల దగ్గర పుండు అయితే డొనోవనోసిస్ అనే జబ్బును గుర్తుంచుకోండి. అందులో కనిపించే డొనోవన్ బాడీలు బ్యాక్టీరియా, పరాన్నజీవులు కావు. పేరు అదే డొనోవన్‌ది కావడంతో పరీక్షల్లో పిల్లలు తికమకపడుతుంటారు.

అడుగు 5: సీడీ1ఏ వేయడం

స్లైడ్‌లను 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, జైలీన్‌తో మైనం తీసి, ఆల్కహాల్ మెట్ల మీదుగా నీళ్లకు తీసుకురండి. యాంటీజెన్ రిట్రీవల్ (ఫార్మలిన్ కప్పేసిన ప్రొటీన్‌ను మళ్లీ బయటపెట్టడం) కోసం పీహెచ్ 9 ట్రిస్ ఈడీటీఏ బఫర్‌లో 95 నుంచి 98 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, ఆ తర్వాత అదే బఫర్‌లో చల్లారనివ్వండి. వేడి మీదే బయటికి తీస్తే కోత లేచిపోతుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పది నిమిషాల బ్లాక్. కడిగాక ఎంటీబీ1 యాంటీబాడీ. దీని పలచన, సమయం కంపెనీ కాగితంలో ఉన్నట్టే మొదలుపెట్టి మీ ల్యాబ్‌లో సరిచూసుకోండి, మామూలుగా అరగంట నుంచి గంట పడుతుంది. తర్వాత పాలిమర్, ఆపైన గోధుమ రంగు తెచ్చే డీఏబీ ఐదు నిమిషాలు.

చివర వేసే నీలం రంగు, హీమటాక్సిలిన్, లేతగా ఉండాలి. ఈ ఒక్క మాట టెక్నీషియన్లకు నేను ప్రతిసారీ చెప్తాను. నీలం ముదిరితే 2 మైక్రాన్ల గోధుమ చుక్క దాని కింద మునిగిపోతుంది. అరనిమిషం చాలు.

ప్రతి బ్యాచ్‌లో రెండు కంట్రోళ్లు తప్పవు. ఇదివరకు పీసీఆర్‌తో ఖాయమైన లీష్మానియా బ్లాక్ ఉంటే దానికి మించింది లేదు. లేకపోతే థైమస్ కణజాలం వాడండి. రెండోది, అదే రోగి కోత మీద మొదటి యాంటీబాడీ వేయకుండా మిగతా అన్నీ వేసిన స్లైడ్. మన చర్మాల విషయంలో ఈ రెండో కంట్రోల్ ప్రాణం లాంటిది.

అడుగు 6: చదవడం

మొదట పై పొర చూడండి. అక్కడ లాంగర్‌హాన్స్ కణాలు కొమ్మలు చాచి గోధుమ రంగులో కనబడాలి. అది దేవుడిచ్చిన కంట్రోల్, ప్రతి చర్మ బయాప్సీలోనూ ఉచితంగా వస్తుంది. పై పొర రంగు పట్టకపోతే స్టెయిన్ పనిచేయలేదు, కింద ఏముందో చదవకండి, మళ్లీ వేయించండి. ముక్కను నిలువుగా పెట్టమన్నది ఇందుకే.

తర్వాత డెర్మిస్‌లోకి దిగండి. అక్కడ గోధుమ రంగు రెండు రకాలుగా కనిపించవచ్చు. పెద్దగా, కొమ్మలతో, కణం అంచు మొత్తం రంగు పట్టి ఉంటే అవి కిందికి దిగిన లాంగర్‌హాన్స్ జాతి కణాలు. వాపు ఉన్న ఏ చర్మంలోనైనా అవి ఉంటాయి, పట్టించుకోకండి. మనకు కావాల్సింది మాక్రోఫేజ్ లోపల విడివిడిగా, ఒకే సైజులో, ఆవగింజల్లా గుండ్రటి చుక్కలు. మాక్రోఫేజ్ కేంద్రకం నీలంగా పక్కకు నెట్టుకుపోయి ఉంటుంది, చుక్కలు ఖాళీ గది గోడకు ఆనుకుని ఉంటాయి. నేను రంగును ఎప్పుడూ చివర చూస్తాను. ముందు సైజు, తర్వాత చోటు, తర్వాత ఆకారం. ఈ మూడూ కుదిరాకే రంగును నమ్ముతాను.

హెచ్ అండ్ ఈలో మీరు గుర్తుపెట్టుకున్న చోటును సీడీ1ఏ స్లైడ్‌లో పక్కపక్కన పెట్టి చూడండి. మొదట్లో చెప్పిన కేసులో నేను చేసింది అదే. పై పొర కింద ఎడమవైపు ఒక వెంట్రుక కుదురు ఉంది. దాన్ని ఆనవాలుగా పెట్టుకుని రెండు స్లైడ్‌లలోనూ అక్కడికే వెళ్లాను. హెచ్ అండ్ ఈలో తుక్కులా కనిపించినవి ఇక్కడ ఒక్కో కణంలో ఐదారు చొప్పున, అంచులు తెగి, గుండ్రంగా ఉన్నాయి.

ఇప్పుడు మోసాలు. మనవాళ్ల చర్మంలో మెలనిన్ ఎక్కువ. పుండు పడిన చోట మెలనిన్ డెర్మిస్‌లోకి జారి మాక్రోఫేజ్‌ల కడుపులో చేరుతుంది. అదీ గోధుమ రంగే, అవీ చిన్న రేణువులే! తెల్లచర్మం వాళ్ల స్లైడ్‌ల ఫొటోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడ తేలిగ్గా పడిపోతారు. యాంటీబాడీ వేయని స్లైడ్‌లో అదే చోట గోధుమ రంగు ఉంటే అది మెలనినే. ఇంకా టెన్షన్‌గా ఉంటే హీమటాక్సిలిన్ బదులు గీమ్సా లేదా అజ్యూర్ బి వేయించండి, మెలనిన్ ఆకుపచ్చ కలిసిన నీలంగా మారుతుంది, డీఏబీ గోధుమగానే నిలుస్తుంది. లేదా డీఏబీ వదిలేసి ఎర్ర క్రోమోజెన్ (ఎర్ర రంగు తెచ్చేది) వాడండి, అన్నింటికంటే హాయి. పాత నెత్తురు మరకల్లోని ఇనుము కూడా గోధుమగానే కనబడుతుంది, దానికి పెర్ల్స్ స్టెయిన్ వేస్తే నీలం పడుతుంది.

డెర్మిస్ అంతా పెద్ద కణాలే రంగు పట్టి, వాటి కేంద్రకాలు చిక్కుడు గింజలా నొక్కుకుపోయి ఉంటే లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ గురించి ఆలోచించాలి. అప్పుడు ఎస్100, లాంగరిన్ మార్కర్లు కూడా వేయండి. సీడీ68 విషయానికొస్తే, అది మాక్రోఫేజ్‌లు ఎక్కడున్నాయో చెప్తుంది, లోపల ఎవరున్నారో చెప్పదు.

అడుగు 7: నెగటివ్ వస్తే

నెగటివ్ అంటే జబ్బు లేదని కాదు. పాత పుండుల్లో చుక్కలు అసలే తక్కువ, ఆ కోతలో ఒక్కటీ పడకపోవచ్చు. మరో రెండు లోతుల్లో కోయించి చూడండి. లాటిన్ అమెరికా నుంచి వచ్చే జాతులతో ఈ మార్కర్ ఫలితాలు అంత నిలకడగా లేవు, బ్రెజిల్ వెళ్లొచ్చిన ఐటీ ఉద్యోగి పుండులో నెగటివ్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

ఇంకో సందర్భం బిహార్ నుంచి హైదరాబాద్‌కు పనికొచ్చినవాళ్లది. కాలా అజార్ (లోపలి అవయవాలకు పట్టే లీష్మానియా) తగ్గిన కొన్నాళ్లకు ఒంటి మీద తెల్ల మచ్చలు, గడ్డలు వస్తాయి. 1922లో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి మొదట వర్ణించిన జబ్బు ఇది. చూడ్డానికి అచ్చం కుష్టులా ఉంటుంది. తెల్ల మచ్చల్లో పరాన్నజీవులు బాగా తక్కువ కాబట్టి సీడీ1ఏ మీద ఆధారపడకుండా సూటిగా పీసీఆర్‌కు వెళ్లండి.

పీసీఆర్‌లో కైనెటోప్లాస్ట్ డీఎన్‌ఏను వెతకడం చాలా సున్నితమైన పద్ధతి, ఎందుకంటే ఒక్కో పరాన్నజీవిలో దాని చిన్న వలయాలు వేలల్లో ఉంటాయి. ఐటీఎస్1 అనే డీఎన్‌ఏ భాగాన్ని పెంచి ఎంజైమ్‌తో కోస్తే జాతి కూడా తెలుస్తుంది. సీడీ1ఏ జాతిని చెప్పలేదు. జాతి ఎందుకంటే, చికిత్స దాన్నిబట్టి మారుతుంది: కొన్ని పుండ్లు పుండు దగ్గరే ఇచ్చే ఇంజెక్షన్లతో తగ్గుతాయి, లీష్మానియా బ్రెజిలియెన్సిస్ లాంటివి ఏళ్ల తర్వాత ముక్కు, నోరు పొరలను తినేస్తాయి.

అడుగు 8: రిపోర్ట్

"గ్రాన్యులోమా ఉంది" అన్న ఒక్క వాక్యంతో ఆపకండి. నేను రాసే తీరు ఇలా ఉంటుంది: "డెర్మిస్‌లో మాక్రోఫేజ్‌లు, ప్లాస్మా కణాలు మెండు. మాక్రోఫేజ్‌ల లోపల 2 నుంచి 4 మైక్రాన్ల గుండ్రటి చుక్కలు, సీడీ1ఏ క్లోన్ ఎంటీబీ1 పాజిటివ్, పై పొర కంట్రోల్ సరిగ్గా ఉంది, యాంటీబాడీ లేని స్లైడ్ నెగటివ్. ఫంగస్, క్షయ స్టెయిన్లు నెగటివ్. చర్మ లీష్మానియాకు అనుగుణం. జాతి కోసం పీసీఆర్ సూచన." క్లోన్ పేరు రాయడం మర్చిపోకండి, రేపు ఇంకో ల్యాబ్‌లో చూసేవాళ్లకు అదే కావాలి.

రిపోర్ట్ సంతకం అయ్యాక చర్మ వైద్యులకు ఫోన్ చేయండి. టీబీ మందులు నడుస్తుంటే ఆ మాట కాగితం చేరేదాకా ఆగకూడదు. మిగిలిన కోతలు, ఆల్కహాల్‌లోని ముక్క పారేయకండి. ఆ బ్లాక్‌ను విడిగా గుర్తుపెట్టి దాచుకుంటే, వచ్చే అనుమానం కేసుకు మీ సొంత పాజిటివ్ కంట్రోల్ అదే.